ఎంత బిగువు చాలు

తుపాకి పేలినప్పుడు మంటనూ మోతనూ అందరూ గమనిస్తారు. గురి తెలిసినవాళ్లు ఇంకాస్త లోపలికి వెళ్లి గొట్టం గురించీ, దుర్బిణి గురించీ, మీట నొక్కే వేలి గురించీ మాట్లాడతారు. తూటా మెడ గురించి మాట్లాడేవాళ్లు మాత్రం అరుదు. రైఫిల్ తూటా అంటే ఒక ఇత్తడి తొడుగు. అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్, కడుపులో మందు, భుజాల దగ్గర సన్నబడ్డ మెడ, ఆ మెడలో బిగుసుకుని గుండు. కాల్చిన క్షణంలో మెడ ఉబ్బి, తుపాకిలో తూటా కూర్చునే అర గోడకు అతుక్కుంటుంది, వేడి వాయువు వెనక్కి తన్నకుండా అడ్డుపడుతుంది, ఒత్తిడి తగ్గగానే వెంట్రుకవాసి ముడుచుకుంటుంది. పాత కొలతకు మాత్రం తిరిగి రాదు. అదే తొడుగును మళ్లీ నింపి వాడాలంటే, వదులైన ఆ మెడను గట్టి ఉక్కు ఉంగరంలోకి తోసి నొక్కాలి. ఆ ఉంగరం పేరు బుషింగ్. రెడ్డింగ్, ఎల్.ఇ. విల్సన్ వంటి అమెరికా కంపెనీలు వీటిని అంగుళంలో వెయ్యో వంతు తేడాతో వరసగా చేసి అమ్ముతాయి. 334, 335, 336 అంటూ సాగే ఆ వరసలో ఏది తీసుకోవాలన్నది తూటాలు నింపేవాళ్లను వేధించే ప్రశ్న. అంకె ఎంచుకోవడానికి ముందు ఇత్తడిని ఎరగాలి, ఎరిగినవాడికి అంకె పెద్ద కష్టం లేకుండా దొరుకుతుంది, ఎరగనివాడు ఎంత బిగించినా పట్టు దొరకదు అన్నది నా వాదన.

తంబళ్లపల్లె వైపు కూర్చుని ఈ గొడవ ఎందుకని ఎవరైనా అడగవచ్చు. అడగడం న్యాయమే. ములకలచెరువు, పెద్దమండ్యం, బి.కొత్తకోట చుట్టూ ఉన్న గుట్టల్లో అడవిపందుల బెడద ఉంది గాని, ఈ సీమలో తుపాకి అంటే జ్ఞాపకం వచ్చేది నాటుతుపాకి. దాన్ని మూతి వైపు నుంచే నింపుతారు. దానికి తొడుగే ఉండదు, ఇక మెడ ఎక్కడిది? పైగా 1959 ఆయుధాల చట్టం అయిదో సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా ఆయుధం గాని తూటా గాని తయారు చేయడం నేరం. 2019 సవరణ తర్వాత దానికి కనీస శిక్ష ఏడేళ్లు. వరండాలో బల్ల వేసుకుని, వారాంతంలో వాడేసిన తొడుగులు నింపుకొనే అమెరికా సరదా ఇక్కడ చెల్లదు. పాతకాలం వేటగాళ్ల కథల్లో వెతికినా ఫలితం తక్కువే. మదనపల్లెకు తూర్పున భాకరాపేట అడవుల్లోని చామల లోయ పులి గురించి కెన్నెత్ ఆండర్సన్ 1954లో వచ్చిన తన పుస్తకంలో రాశాడు. ఆయన చేతిలో ఉండేది .405 వించెస్టర్. తమాషా ఏమిటంటే ఆ తూటా మొదటి నుంచీ చివరి దాకా దాదాపు తిన్నగా ఉంటుంది. దానికి భుజమూ లేదు, మెడా లేదు. అంటే ఈ ప్రాంతపు వేట సాహిత్యంలోని ప్రసిద్ధమైన రైఫిల్‌కు కూడా మన ప్రశ్న వర్తించదు. అయినా నేను దీన్ని ఎత్తుకున్నది, ఒక వస్తువు ఇంకో వస్తువును ఎంత గట్టిగా పట్టుకోవాలి అన్న లెక్క ఇంత శుభ్రంగా, ఇంత చిన్న చోట, కొలిచి చూపించే వీలుతో మరెక్కడా దొరకదు కాబట్టి.

ముందు అందరూ చెప్పే లెక్క చూద్దాం. వెయ్యో వంతు అంగుళాన్ని లేత్ మీద పనిచేసేవాళ్లు థౌ అంటారు, మనమూ అదే అందాం. మిల్లీమీటర్లలో చెప్పుకుంటే ఒక థౌ 0.0254. .308 వించెస్టర్ తూటాలో గుండు వ్యాసం 308 థౌ. మెడ గోడ మందం ఒక్కోవైపు పద్నాలుగున్నర థౌ అనుకుంటే, గుండు కూర్చున్నాక మెడ బయటి వ్యాసం 337. మైక్రోమీటర్‌తో నాలుగైదు నిండు తూటాలను కొలిచి, వచ్చిన అంకెలోంచి రెండు తీసేసి, 335 బుషింగ్ కొనుక్కోమంటారు. ఒకటి తీసేసేవాళ్లు ఉన్నారు, మూడు తీసేసేవాళ్లు ఉన్నారు. ఈ సూత్రంలో నాకు నచ్చేది ఒకటుంది: కొలత పట్టికలోంచి రాదు, చేతిలో ఉన్న తూటా నుంచి వస్తుంది. కాని సూత్రం ఇక్కడితో ఆగిపోతుంది, ఇత్తడి ఆగదు. ఉంగరంలోంచి బయటికి రాగానే మెడ అర థౌ నుంచి ఒక థౌ దాకా మళ్లీ విచ్చుకుంటుంది. ఎన్నోసార్లు కాల్చి గట్టిపడ్డ ఇత్తడి ఎక్కువ విచ్చుకుంటుంది, కాచి మెత్తబరిచినది తక్కువ. ఇక, సాధారణ .308 రైఫిల్ అరలో మెడ చోటు దాదాపు 344 థౌ ఉంటుంది. కాల్చిన మెడ ముడుచుకున్నాక కూడా 342 దగ్గర ఉంటుందనుకుంటే, దాన్ని 335కి దించడమంటే ఒక్క తోపులో ఏడు థౌ నొక్కడం. అంత దూరం ఒకేసారి నొక్కితే మెడ ఉంగరం కొలతను మించి ముడుచుకోవచ్చు, ఒక పక్కకు ఒరగనూ వచ్చు. అందుకే తెలిసినవాళ్లు మధ్యలో 339 ఉంగరంలో ఒకసారి నొక్కి, తర్వాత 335లోకి వెళ్తారు. ఉంగరం మీద చెక్కిన అంకె ఉంగరానిది. మెడకు చివరికి దక్కే కొలత వేరు.

ఇంతకన్నా పెద్ద చిక్కు గోడ మందంలో ఉంది, చాలామంది దాటేసేదీ ఇక్కడే. బుషింగ్ మెడను బయటి నుంచి నొక్కుతుంది. గుండును పట్టుకునేది లోపలి వైపు. ఈ రెంటికీ మధ్య ఉన్నది ఇత్తడి గోడ. ఒకే పెట్టెలోంచి రెండు తొడుగులు తీశామనుకోండి. ఒకదాని గోడ 14 థౌ, రెండోదాని గోడ 15. రెంటినీ ఒకే ఉంగరంలో నొక్కితే రెండూ బయట 335 అవుతాయి. లోపల మొదటిది 307, రెండోది 305. విచ్చుకోవడం సంగతి పక్కన పెడితే, 308 గుండుకు మొదటి మెడలో ఒక థౌ బిగువు, రెండో మెడలో మూడు. ఒకటి కావాలా మూడు కావాలా అని పదిరోజులు తర్కించుకుని కొన్న బుషింగ్, ఒకే పెట్టెలోని తొడుగులకు రెండూ ఇచ్చింది! ఒకే మెడలో ఒక పక్క గోడ మందంగా, ఎదురు పక్క పలచగా ఉంటే ఇంకో ఇబ్బంది. బుషింగ్ బయటి వైపును చక్కటి గుండ్రంగా చేసి, ఎగుడుదిగుడంతా లోపలికి నెట్టేస్తుంది. దీనికి మందులు రెండు. మెడ గోడను చుట్టూ సన్నగా తరిగి సమానం చేయడం ఒకటి. బుషింగ్‌తో కొంచెం ఎక్కువ నొక్కి, ఆ తర్వాత 306 లాంటి కచ్చితమైన కొలత గల ఉక్కు కడ్డీని లోపలికి దూర్చి లోపలి వ్యాసాన్ని సరిచేయడం రెండోది. ఏదీ చేయనివాడికి 335కూ 336కూ మధ్య తర్జనభర్జన దండగ. అతను ముందు తొడుగులను మందం ప్రకారం వేరుచేసుకోవడం మంచిది. బుషింగ్ గురించి రాసేవాళ్లు ఉంగరం గురించి పేజీలు నింపి ఇత్తడి గురించి రెండు వాక్యాలతో సరిపెట్టడం నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం: ఎక్కువ బిగిస్తే ఎక్కువ పట్టు దొరుకుతుందా? తూటా తొడుగుకు వాడే ఇత్తడిలో నూటికి 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు. ఏ లోహాన్నయినా కొంత దూరం సాగదీస్తే వదలగానే వెనక్కి వస్తుంది. ఆ హద్దు దాటితే సాగినంత మేర అలాగే ఉండిపోతుంది. పని తగిలి గట్టిపడ్డ ఇత్తడికి ఆ హద్దు వెయ్యికి మూడు నాలుగు పాళ్ల దగ్గర ఉంటుంది. 308 థౌ మెడకు వెయ్యికి మూడు నాలుగు పాళ్లంటే ఎంత? అటూ ఇటూగా ఒక థౌ. అంటే మెడ తన లోపల కూర్చున్న గుండును స్ప్రింగులా అదిమి పట్టుకోగలిగేది ఆ ఒక్క థౌ సాగుడులోనే. మెడను నాలుగు థౌ తక్కువకు నొక్కి అందులో గుండును దించితే ఏమవుతుంది? మొదటి థౌ దాకా మెడ సాగి పట్టు బిగుస్తుంది. మిగతా మూడు థౌ గుండే మెడను విప్పుకుంటూ పోతుంది. ఇత్తడి లొంగిపోతుంది, తిరిగి బిగుసుకునే బలం మాత్రం దాదాపు అంతే ఉంటుంది. అదనపు మూడు థౌ కొనిపెట్టేది అదనపు శ్రమనే: గుండును దించడానికి ఎక్కువ తోపు, ఆ తోపులో గుండు ఒరిగే ప్రమాదం, ప్రతిసారీ ఎక్కువ నలిగి ముందుగానే పగిలే మెడ. ఎద్దులబండి చక్రానికి ఇనప కట్టు వేసే కమ్మరి ఈ సంగతిని అంకెలు లేకుండానే ఎరుగును. అయిదడుగుల చక్రం చుట్టుకొలత 4.8 మీటర్లు అనుకుందాం. కట్టును గాలి వేడి కన్నా 500 డిగ్రీలు ఎక్కువకు కాలిస్తే అది 28 మిల్లీమీటర్ల దాకా సాగుతుంది, కాబట్టి చక్రం కన్నా బాగా పొట్టిగా చేసిన కట్టును కూడా మంటలో పెట్టి ఎక్కించవచ్చు. అయినా అలా చేయరు. మామూలు ఇనుము సాగి వెనక్కి రాగలిగేది అంత చుట్టుకొలతకు ఆరు మిల్లీమీటర్ల లోపే. మిగతాదంతా కర్ర భరించాలి. పూటీల సందులు మూసుకునే దాకా భరిస్తుంది, ఆ తర్వాత ఆకులు వంగి చక్రం గొడుగులా ఒక పక్కకు పొంగుతుంది. అందుకని కమ్మరి సందులు ఎంత ఉన్నాయో, కర్ర పచ్చిదో ఎండినదో చూసుకుని కట్టు పొడుగు నిర్ణయిస్తాడు. ఇంగ్లండులో జార్జ్ స్టర్ట్ 1923లో బండిచక్రాల పనిశాల మీద ఒక పుస్తకమే రాశాడు. మదనపల్లె, పుంగనూరు దారుల మీద డన్‌లప్ చక్రాల బండ్లు వచ్చేలోగా మన కమ్మరుల లెక్కను అలా కూర్చుని రాసిపెట్టినవాళ్లు, నాకు తెలిసినంతలో, లేకపోవడం మన నష్టం.

దీనికి మొదట వచ్చే అభ్యంతరం బలమైనదే. గుండు వదులైతే ప్రమాదం, కాబట్టి అనుమానం ఉన్నప్పుడు బిగువు వైపే మొగ్గాలి అంటారు. మ్యాగజైన్‌లో నాలుగైదు తూటాలు పేర్చి ఉన్నప్పుడు, మొదటిది పేలిన అదురుకు మిగతావాటి ముక్కులు ముందు గోడకు కొట్టుకుంటాయి. తనంతట తానే తూటాను అరలోకి ఎక్కించుకునే రైఫిల్‌లో గుండు అర అంచుకు తగిలి ఇంకా గట్టి దెబ్బ తింటుంది. అక్కడ గుండు లోపలికి జారితే మందుకు చోటు తగ్గి ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. ఇదంతా నిజం. ఆ తుపాకులకు మూడు థౌ దాకా వెళ్లమనడం సబబే. కాని ఈ వాదనను చివరి దాకా తీసుకువెళ్తే అది నా పక్షానికే వస్తుంది. యుద్ధంలో అంతకన్నా మొరటు దెబ్బలు తినే సైనిక తూటాలకు కర్మాగారాలు ఏం చేస్తాయి? మెడను ఆరు థౌ, ఏడు థౌ బిగించి ఊరుకోవు. గుండు నడుముకు గాడి పెట్టి, మెడ అంచును ఆ గాడిలోకి వంచి నొక్కుతాయి, చాలా తూటాల్లో మెడకూ గుండుకూ మధ్య తారు లాంటి పూత కూడా వేస్తాయి. అంటే బిగువు ఒక హద్దు దాటాక పట్టు ఇవ్వదని వాళ్లకు తెలుసు. ఇంకా పట్టు కావాల్సిన చోట వేరే ఉపాయం వెతికారు. ఒక్కొక్క తూటాను చేత్తో అరలో పెట్టి కాల్చే పందెపు తుపాకికి ఆ భయాలేవీ లేవు. అయినా వేట తుపాకి బిగువునే దానికీ అరువు తెచ్చుకోవడం అలవాటు వల్ల జరుగుతున్న పని.

రెండో అభ్యంతరం లెక్కలు నమ్మనివాళ్లది. మేం 335తో కాల్చాం, 333తో కాల్చాం, 333తో గుళ్లు దగ్గర దగ్గరగా పడ్డాయి, నీ ఇత్తడి శాస్త్రం ఎవరికి కావాలి అంటారు. కళ్లతో చూసినదాన్ని కాదనడం కష్టం. అయితే ఎన్ని గుళ్లు కాల్చి చూశారన్నది అడగాలి. సాధారణంగా అయిదు. అయిదు గుళ్ల వేగాలు కొలిస్తే వాటి ప్రామాణిక విచలనం సెకనుకు 10 అడుగులు వచ్చిందనుకోండి. ఆ అయిదింటిని బట్టి అసలు విచలనం ఎంతో 95 శాతం నమ్మకంతో చెప్పాలంటే, అది 6కూ 29కీ మధ్య ఎక్కడో ఉందని మాత్రమే చెప్పగలం. 30 గుళ్లు కాలిస్తే ఆ హద్దులు 8కీ 13కూ దగ్గరికి వస్తాయి. ఒక బుషింగ్ అయిదింటిలో 8 ఇచ్చి, ఇంకోటి అయిదింటిలో 14 ఇస్తే, ఆ తేడాకు కారణం బుషింగో, ఆ పూట అదృష్టమో విడదీసి చెప్పే మార్గం లేదు. ఇంకో సంగతి, 333కూ 335కూ మధ్య నిజంగానే తేడా కనిపించవచ్చు. పట్టు పెరగడం వల్లనే అది వచ్చిందనడం తొందరపాటు. ఎక్కువ నొక్కిన మెడను గుండే లోపలి నుంచి సరిచేసి ఉండవచ్చు, అంటే గుండు ఉక్కు కడ్డీ పని చేసిందన్నమాట. అలాంటప్పుడు అసలు కడ్డీనే వాడి రెండు థౌ బిగువుతో కాలిస్తే అదే ఫలితం మెడను నలపకుండా రావాలి. ఆ పరీక్ష చేసి, 30 గుళ్ల లెక్కతో నన్ను కాదంటే సంతోషంగా ఒప్పుకుంటాను.

తెలుగునాట చట్టబద్ధంగా, రోజూ, ఇంత సూక్ష్మమైన కొలతల మీద నడిచే తుపాకి పని ఒకటుంది, అది గాలి తుపాకి. గగన్ నారంగ్ హైదరాబాదులో పెరిగి 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కంచు పతకం తెచ్చాడు. మొత్తం 701.1 పాయింట్లు. వెండి 701.5కు, బంగారం 702.1కు వెళ్లాయి. ఆ పోటీలో పదో వలయం అర మిల్లీమీటరు చుక్క. ఈ క్రీడలో మందు లేదు, తొడుగు లేదు, బుషింగ్ లేదు. కాని సీసపు గుళ్ల డబ్బాల మీద 4.49, 4.50, 4.51 అని తల వ్యాసం వేసి ఉంటుంది, మిల్లీమీటరులో నూరో వంతు తేడాతో. గొట్టం గాడుల్లో గుండు తల ఎంత బిగువుగా పట్టాలన్నదే అక్కడి ప్రశ్న. పై స్థాయి షూటర్లు దాన్ని ఎలా తేల్చుకుంటారు? రైఫిల్‌ను పట్టుసాధనంలో బిగించి, రకరకాల డబ్బాలు, ఒకే అంకె గల వేర్వేరు తయారీ బ్యాచులు కూడా, వరసగా కాల్చి చూస్తారు. తమ గొట్టానికి నప్పిన బ్యాచు దొరికితే ఆ బ్యాచు డబ్బాలనే మూటగట్టి కొనుక్కుంటారు. డబ్బా మీది 4.50 చూసి సరిపెట్టుకునేవాడు పోటీలో మిగలడు. పెద్ద తల గుండు గొట్టాన్ని ఇంకా గట్టిగా పడుతుంది కదా అని 4.52 ఎంచుకునేవాడూ లేడు. నూరో వంతు మిల్లీమీటరు ఒక థౌ బుషింగ్ మెట్టులో సగం కన్నా చిన్నది. అంత చిన్న కొలతలో పనిచేసేవాళ్లే అంకెను నమ్మక వస్తువును పరీక్షిస్తుంటే, థౌ లెక్కన పనిచేసేవాళ్లకు అంకె మీద అంత భక్తి ఎందుకో!

ఇంత శ్రద్ధ అవసరమా, కంపెనీ తూటాలు కొనుక్కుంటే పోదా అనేవాళ్లకు జవాబు: చాలామందికి పోతుంది. మూడొందల గజాల లోపల జింకను కొట్టే అమెరికా వేటగాడికి ఒక థౌ తేడా లక్ష్యం మీద కనిపించదు, కనిపించిందని అతను అనుకుంటే ఆ అనుకోవడానికి కారణం వేరే. వెయ్యి గజాల పోటీకి, ఒకే రంధ్రంలో గుళ్లన్నీ పడాలనుకునే బెంచి పందేనికి దిగేవాడికే ఇది పని. అతనికైనా పెద్ద బుషింగ్ పెట్టె అక్కర్లేదు. నిండు తూటాను కొలిచి రెండు తీసేసిన అంకెది ఒకటి, దానికి పైది ఒకటి, కిందిది ఒకటి, మధ్యలో మొదటి నొక్కుడుకు ఇంకోటి చాలు. మిగతా డబ్బు మెడ మందం కొలిచే గేజి మీద పెట్టాలి. ఇత్తడి అయిదారుసార్లు కాలి గట్టిపడ్డాక అదే 335 ఉంగరం మొదటినాటి బిగువు ఇవ్వదు, విచ్చుకోవడం పెరుగుతుంది. అప్పుడు ఒక అంకె కిందికి దిగేవాళ్లున్నారు. మెడను మంట దగ్గర కొద్ది క్షణాలు కాచి మళ్లీ మెత్తబరిచేవాళ్లున్నారు. నేనైతే రెండోవాళ్ల వైపే, ఎందుకంటే మొదటివాళ్లు లోహం మారినందుకు ఉంగరాన్ని మారుస్తూ పోతారు, అది ఎక్కడ ఆగాలో చెప్పే కొలత వాళ్ల దగ్గర ఉండదు. కాచినా, కాచకపోయినా, కొత్త పెట్టె ఇత్తడి తెచ్చిన రోజు మైక్రోమీటర్ మళ్లీ బయటికి తీయక తప్పదు. పాత పెట్టె మూత మీద రాసుకున్న 335 ఆ పెట్టెలోని తొడుగులకు రాసుకున్నది.